టెర్మినల్ తెఱపై గ్రంథప్రదర్శనము: ఒక చారిత్రక విమర్శ

ఉపక్రమము

గ్రంథమునకు మూలపాఠ మొక్కటియే యైనను దానికి శరీరము లనేకములు. తాటియాకుపై గంటముతో వ్రాయఁబడిన ప్రతి యొకటి. సీసపుటక్షరములతోఁ గూర్చి కాగితముపై నచ్చొత్తిన ప్రతి యొకటి. గణనయంత్రముతోఁ జేరిన టెర్మినల్ తెఱపైఁ జదువఁబడు ప్రతి యొకటి. వీనిలోఁ గడపటిదానిని జూచినవారికి సామాన్యముగా నొక యభిప్రాయము గలుగుచుండును. అచ్చుకూర్పునందలి సొగసంతయుఁ బోయి, అక్షరములన్నియు నొకే వెడల్పుగల గళ్లలో నిఱికింపఁబడఁగా మిగిలిన యెముకలగూడే యీ తెఱప్రతియని వారు తలంతురు. అచ్చుప్రతి ముందుపుట్టిన ప్రకృతియనియుఁ దెఱప్రతి దానికి వికృతియనియు నూహించుటయే యిట్టి తీర్పునకు మూలము. ఈ యూహ యెంతవఱకు నిలుచునో చరిత్రము ననుసరించి విమర్శించుటయే ప్రకృతవ్యాసమునకు విషయము.

ముందుగా టెర్మినల్ లక్షణమును జెప్పవలసియున్నది. గణనయంత్రమునకు దూరముగా నుండి, దానితో నక్షరములను మాత్రమే యిచ్చిపుచ్చుకొను పనిముట్టు టెర్మినల్ అనఁబడును. అది మొదట టైపురైటరువలెఁ గాగితముపైఁ గొట్టునదిగా నుండి, పిమ్మట గాజుతెఱ గలదయ్యెను. రెంటియందును ముఖ్యలక్షణ మొకటియే: అక్షరమున కొక గడి. అచ్చుకూటమునందు రోమనులిపిలోని ‘ఐ’ యను నక్షరపు దిమ్మ సన్నము, ‘ఎమ్’ అను నక్షరపు దిమ్మ వెడల్పు. టెర్మినల్‌పై రెండును సమానములు. అచ్చుకూటమునందుఁ బంక్తి కుఱుచయైనచోఁ గూర్పరి సన్నని రేకులను మాటలనడుమ నిడి యంచు సరిచేయును. టెర్మినల్‌పైఁ బూర్తి గడికంటెఁ దక్కువయైన యెడము లేదు. అచ్చున వాలక్షరములు, లావక్షరములు, చిన్నవి పెద్దవి గలవు. టెర్మినల్‌పై నక్షరపరిమాణ మొక్కటియే. ఇట్టి భేదము గల రెండు సాధనములయందు నొకే మూలము నుండి గ్రంథమును జూపుట యెట్లు సాధ్యమయ్యెనన్నదియే ప్రశ్నము.

రన్ఆఫ్, రాఫ్

అమెరికాదేశమున మసాచుసెట్స్ సాంకేతికవిద్యాలయమునందు 1960వ దశకపుఁ దొలి సంవత్సరములలో సీ.టీ.ఎస్.ఎస్. అను కాలవిభాగపద్ధతి నడచుచుండెను. పలువురు తమతమ టెర్మినళ్లయొద్దఁ గూర్చుండి యొకే గణనయంత్రము నేకకాలమున నుపయోగించుకొను నేర్పాటది. అచటి పరిశోధకుఁడగు జెరోమ్ సాల్ట్జర్ తన డాక్టరు పట్టమునకై సమర్పింపవలసిన పరిశోధనప్రతిపాదనమును సిద్ధపఱచుకొనుటకు 1964లో రెండు క్రమణికలను రచించెను. వానిలో టైప్‌సెట్ అనునది పాఠమును వ్రాయుటకును దిద్దుటకును. రన్ఆఫ్ అనునది దిద్దిన పాఠమును బుటలుగాఁ దీర్చి టైపుచేయించుటకును. ఒక విద్యార్థి తన యక్కఱకొఱకుఁ జేసికొన్న యీ పనిముట్టే పిదప వచ్చిన వంశమున కంతకు మూలపురుష మయ్యెను.

రన్ఆఫ్ నందలి ముఖ్యసూత్రము మిక్కిలి సులభము. పంక్తి చుక్కతో మొదలైనచో నది పాఠము గాదు, ఆజ్ఞ. నడుమ నుంచుము, ఇన్ని గళ్లు లోపలికిఁ జరుపుము, క్రొత్తపుట మొదలిడుము అని యీ యాజ్ఞలు చెప్పును. తక్కిన పంక్తులు పాఠము. వ్రాయువాఁడు పంక్తులను గుఱుచగనో పొడుగుగనో యిష్టము వచ్చినట్లు వ్రాయవచ్చును. వానిని నింపి, యంచులు సరిచేయు భారము యంత్రముదే. వాక్యము చుక్కతో నారంభించుట యెన్నఁడును లేదు గావున నాజ్ఞకును బాఠమునకును సాంకర్యము గలుగదు. మూలమును వ్యాఖ్యానమును నొకే యాకుపై వ్రాయుచు, వ్యాఖ్యానమునకుఁ బ్రత్యేకమైన గుఱుతును బెట్టుకొన్న లేఖకుని పద్ధతి యిట్టిదే. అఱువదియేండ్లు గడచినను నీ చుక్క నియమము మాఱలేదు.

చదువరు లిచట నొక విషయమును గమనింపవలయును. 1964లో రన్ఆఫ్ ముందున్నది అచ్చుయంత్రము గాదు, టైపురైటరు వంటి టెర్మినల్ మాత్రమే. కావున నీ విద్య గళ్లలోనే పుట్టినది.

రన్ఆఫ్ పద్ధతిని బెల్ టెలిఫోను ప్రయోగశాలలకుఁ జెందిన డగ్లస్ మెకిల్రాయ్ బీ.సీ.పీ.ఎల్. అను భాషలో మఱల రచించెను. దానికి రాఫ్ అని కుఱుచ పేరు నిలిచెను. ఆ ప్రయోగశాలలలోనే కెన్ థామ్సన్, డెనిస్ రిచీ మొదలగువారు యూనిక్సు అను వ్యవస్థను నిర్మించుచుండిరి. వారికిఁ గ్రొత్త గణనయంత్రము గావలసివచ్చెను. వ్యవస్థానిర్మాణమునకై ధన మడిగిన నధికారులు సమ్మతింపరని తెలిసి, పత్రరచనకును బత్రముల కూర్పునకును దగిన సాధనమును జేసి యిత్తుమని వాగ్దానము చేసి వారు పీ.డీ.పీ.-11 యంత్రమును దెప్పించుకొనిరి. ఆ వాగ్దానమును జెల్లించుటకే రాఫ్ ఆ యంత్రముపైకిఁ దేఁబడినది. ప్రయోగశాలల పేటెంటుశాఖవారు 1971వ సంవత్సరపు రెండవ సగమున ముగ్గురు టైపిస్టులను నియమించి తమ దరఖాస్తుల నీ యంత్రముపైఁ దయారుచేయించిరని రిచీ తన వృత్తాంతమునఁ జెప్పియున్నాఁడు. ఆ యంత్రమున కున్న ధారణశక్తి 24 కిలోబైట్లు మాత్రమే. పేటెంటుకార్యాలయమువారు కోరు రీతిగాఁ బంక్తులకు సంఖ్యలను వేయు నేర్పు రాఫ్‌నకు గలదు. గణితచిహ్నములను గొన్నిటిని గొట్టఁగల టెలిటైపు 37వ నమూనా వారికి లభించెను. యూనిక్సు యొక్క భావిచరిత్ర మంతయు నీ గళ్ల పుటలపై నాధారపడి నిలిచినదనుట యతిశయోక్తి గాదు.

ఎన్‌రాఫ్, టీరాఫ్

రాఫ్ నియమములు తక్కువ. క్రొత్తవానిని గూర్చుకొను వీలు లేదు. అదే ప్రయోగశాలలలోని జోసెఫ్ ఒసానా 1972 ప్రాంతమున దానికి మాఱుగా ఎన్‌రాఫ్ అనుదానిని రచించెను. ‘క్రొత్త రాఫ్’ అని దాని పేరున కర్థము. ఇందు వ్రాయువాఁడు తన యాజ్ఞలను దానే నిర్మించుకొనవచ్చును. పుట యడుగునకుఁ జేరఁగానే యేమి చేయవలయునో ముందుగాఁ జెప్పియుంచవచ్చును. ఇదియును టెర్మినల్ కొఱకే.

తరువాతఁ బ్రయోగశాలలవారు గ్రాఫిక్ సిస్టమ్సు సంస్థవారి సీ.ఏ.టీ. అను ఛాయాక్షరకూర్పు యంత్రమును గొనిరి. అది కాంతిని బంపి యక్షరముల నీడలను ఫిల్ముపై నొత్తునది. అందొక్కమాఱు నాలుగు తరగతుల యక్షరములు, ఒక్కొక్క తరగతికి 102 రూపములు మాత్రమే యమర్పవచ్చును. దానిని నడపుటకు ఒసానా 1973లో ఎన్‌రాఫ్‌ను విస్తరించి టీరాఫ్‌ను జేసెను. మొదట యంత్రభాషకు దగ్గఱగానున్న సంకేతభాషలో నుండిన యీ రచన 1975లో సీ భాషలోనికి మార్పఁబడినది.

ఈ సంవత్సరముల క్రమమే ప్రకృతవాదమునకుఁ బ్రధానప్రమాణము. 1964లో రన్ఆఫ్, పిదప రాఫ్, 1972లో ఎన్‌రాఫ్, 1973లో టీరాఫ్. గళ్ల ప్రతి యక్క, అచ్చుప్రతి చెల్లెలు. టెర్మినల్‌పైఁ గనఁబడునది యచ్చునుండి దిగజాఱినది గాదు. టెర్మినల్ కొఱకుఁ బుట్టిన విద్యయే యచ్చువఱకుఁ బెరిగినది.

కొలతల రహస్యము

అక్కచెల్లెండ్రిద్దఱు నొకే మూలమును జదువుదురు. వారిలో భేదము కొలఁతలయందు గలదు. టీరాఫ్ అంగుళమును 432 భాగములు చేయును, సీ.ఏ.టీ. యంత్రము అడ్డముగా నంగుళములో 432వ వంతు జరుగఁగలదు గావున నట్లేర్పఱుపఁబడినది. ఎన్‌రాఫ్ అంగుళమును 240 భాగములు చేయును. టెర్మినళ్లలో నంగుళమునకుఁ బది యక్షరములు కొట్టునవియుఁ బండ్రెండు కొట్టునవియుఁ గలవు. నిలువున నంగుళమున కాఱు పంక్తులు గలవియు నెనిమిది గలవియు నుండును. ఈ సంఖ్యలన్నియు, వాని సగములతోఁ గూడ, 240ని నిశ్శేషముగా భాగించును. పది యక్షరముల టెర్మినల్‌పై గడి వెడల్పు 24 భాగములు, ఆఱు పంక్తుల టెర్మినల్‌పై దాని యెత్తు 40 భాగములు అయ్యెను.

ఒక యుదాహరణము. పంక్తిపొడవు వేఱుగాఁ జెప్పనిచో నాఱున్నర యంగుళములు. దానిని 240తో గుణింపఁగా 1560 భాగములు వచ్చును. 24తో భాగింపఁగా 65 గళ్లు. వ్రాసినవాఁడు ‘ఆఱున్నర యంగుళములు’ అనియే చెప్పెను. అచ్చుయంత్రమునకు వెళ్లినపుడు దాని కర్థ మొకటి, టెర్మినల్‌నకు వెళ్లినపుడు ‘65 గళ్లు’ అని యర్థము. మూలమున నొక యక్షరమైన మార్పనక్కఱలేదు.

పంక్తులయంచు సరిచేయుటయందుఁ గష్టము గలదు. పంక్తిలో మాటల నడుమ పది యెడములుండి, ఏడు గళ్లు మిగిలినవనుకొందము. అచ్చుకూర్పులో నా మిగులును బదింటికి సమముగాఁ బంచవచ్చును. టెర్మినల్‌పై నేడింటికిఁ బూర్తిగడి దక్కును, మూఁటి కేమియు దక్కదు. ప్రతిపంక్తియందు నెడమవైపున నున్న యెడములకే యధికముగా నిచ్చినచోఁ బుటయందు నెడమప్రక్క తెల్లని సందులు నిలువునఁ గాలువలవలెఁ గనఁబడును. అందులకై తరువాతికాలపు జీరాఫ్ ఒక పంక్తియం దెడమనుండియు, మఱొక పంక్తియందుఁ గుడినుండియుఁ బంచుకొనుచు వచ్చును. అల్పసాధనమున నున్నంతలో న్యాయముగాఁ బంచు నుపాయమిది.

లావక్షరములకును వాలక్షరములకును టైపిస్టుల యలవాటే యనుసరింపఁబడెను. అక్షరమును గొట్టి, యంత్రమును నొక గడి వెనుకకు జరిపి, మఱల నదే యక్షరమును గొట్టిన నది నల్లగా దట్టమగును. క్రిందిగీఁతను గొట్టి, వెనుకకు జరిపి, దానిపై నక్షరమును గొట్టిన నది వాలక్షరమునకుఁ బ్రతినిధి యగును. టెలిటైపు 37వ నమూనా పంక్తిలో సగము పైకిని క్రిందికిని జరుగఁగలదు గావున గణితమునందలి ఘాతాంకములు సయితము తమతమ యెత్తులలో నిలిచెను. ఇంకను సాధ్యముకాని సందర్భములకొఱకు వ్రాయువానికే స్వాతంత్ర్య మీఁబడెను: ‘ఎన్‌రాఫ్ అయిన నిట్లు, టీరాఫ్ అయిన నిట్లు’ అని మూలముననే చెప్పవచ్చును. గ్రంథకర్త యిద్దఱు చదువరులను గన్నులముందుంచుకొని వ్రాయుట కిది మార్గము.

కాగితమునుండి గాజునకు

ఒసానా 1977లో మరణించెను. ఆతని రచనను 1979 మొదలుకొని బ్రయన్ కర్నిహన్ సంస్కరించి, యొక్క సీ.ఏ.టీ. యంత్రమునకే కట్టువడకుండునట్లు చేసెను. ప్రతి సాధనమునకు దాని యక్షరముల వెడల్పులు, సూక్ష్మతమమైన జరుపు మున్నగునవి తెలుపు వివరణపట్టిక యొకటి ప్రత్యేకముగా నుండును. కూర్పుచేయు క్రమణిక యా పట్టికను జదివి, యేయక్షర మెచట నుండవలయునో తెలుపు మధ్యభాషలోనికి గ్రంథమును మార్చును. ఆయా సాధనపు ననువాదకము దానిని గ్రహించి పని ముగించును. దీనితో సాధనములన్నియు నొకే పంక్తిని గూర్చుండు మార్గ మేర్పడినది. పట్టిక మాఱినఁ జాలును, గ్రంథము మాఱనక్కఱలేదు.

ఇంతలో టెర్మినల్ స్వరూపమే మాఱెను. డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థవారు 1978లో వెలువరించిన వీ.టీ.100 వంటి గాజుతెఱ టెర్మినళ్లు వ్యాపించెను. వానియందు 24 పంక్తులు, పంక్తికి 80 గళ్లు. కాగితమునకును గాజునకును నొక పెద్దభేదము గలదు. కాగితముపై నొకమాఱు కొట్టిన యక్షరముపై మఱియొకటి కొట్టిన రెండును నిలుచును. గాజుపై రెండవది వచ్చినంతనే మొదటిది తుడిచివేయఁబడును. క్రిందిగీఁతపై నక్షరము గొట్టిన గీఁత మాయమగును. లావక్షర మెప్పటివలెనే యుండును. టైపిస్టుల యుపాయ మీ విధమునఁ గాజుపై నిష్ఫలమయ్యెను.

దీనికిఁ బ్రతిక్రియ చదువువైపునుండి వచ్చినది. పుటలను దెఱపై నొక్కొకటిగాఁ జూపు ‘మోర్’, ‘లెస్’ అను క్రమణికలు ‘అక్షరము, వెనుకజరుపు, అదే యక్షరము’ అను వరుసను గనుఁగొని, యచట లావక్షరమని తెఱకుఁ దగిన సంజ్ఞ నిచ్చును. అందువలన వెనుకజరుపు సంకేతము తన భౌతికార్థమును గోలుపోయి, కేవలము చిహ్నముగా మిగిలెను. వ్రాఁతలో నుచ్చారణము నశించిన పిదపను లిపియం దక్షరము నిలిచియుండుట భాషాచరిత్రజ్ఞుల కెఱుక పడినదే.

పుట యను భావమునకును నిట్టి గతియే పట్టినది. పదునొకండంగుళముల కాగితముపై నంగుళమున కాఱు చొప్పున 66 పంక్తులు. 24 పంక్తుల తెఱపై నా పుటల శిరోలేఖములును బాదలేఖములును బాఠమునడుమ నకారణముగాఁ దోఁచుచుండెను. కాలక్రమమున సూచికాపత్రములు పుటవిభాగము లేక యొకే పొడవైన చుట్టగాఁ జూపఁబడుట యాచారమయ్యెను. తాళపత్రమునుండి పుస్తకమునకు వచ్చిన గ్రంథము మఱల లేఖపుఁజుట్ట రూపమును బొందినది.

గ్రాటీ

స్వేచ్ఛగాఁ బంచుకొనఁదగిన క్రమణికలను నిర్మించు గ్నూ ఉద్యమమునకై జేమ్సు క్లార్కు ఈ విద్య నంతయు సీ ప్లస్ ప్లస్ భాషలో మొదటినుండి మఱల రచించి, 1990లో జీరాఫ్ అను పేర వెలువరించెను. అందు టెర్మినళ్లకై యేర్పడిన యనువాదకమునకు గ్రాటీ యని పేరు. కర్నిహన్ మార్గమునే యనుసరించి యిది మధ్యభాషను గ్రహించి గళ్లలోనికి దించును. దాని పట్టికయం దంగుళమునకు 240 భాగములు, అడ్డపుజరుపు 24, నిలువుజరుపు 40. టెలిటైపులు పోయినను వాని కొలఁతలు మాత్ర మట్లే నిలిచినవి.

గ్రాటీ చాలకాలము వెనుకజరుపు సంకేతములనే వెలువరించుచుండెను. తెఱపై నక్షరముల వన్నెను లావును మార్చుటకు ఈ.సీ.ఎం.ఏ.-48 మొదలగు ప్రమాణములలో వేఱు సంజ్ఞలు నిర్ణయింపఁబడియున్నవి. 2002లో వెలువడిన జీరాఫ్ 1.18వ కూర్పునందు గ్రాటీ యీ క్రొత్తసంజ్ఞలనే స్వభావముగాఁ గైకొనెను. వాలక్షరములు రంగులు మున్నగువానికి వీలు గలుగుటచే నిది మేలే. కాని పాతసంకేతములనే యెఱిఁగిన క్రమణికలు వీనిని దెలియక, సంజ్ఞలలోని యంకెలను నక్షరములను బాఠమునడుమఁ జల్లి చూపసాగెను. పాతరీతిని గోరువారికొఱకు నొక మీట యుంచఁబడినది. అనేకులు దానినే వాడుచు వచ్చిరి. ఒక లిపిసంప్రదాయము మాఱునపుడు నేర్చినవారికిఁ గలుగు చిక్కులు లేఖకులకే గాక చదువరులకును గలవని యిందు స్పష్టము.

అడ్డగీఁతను గుఱించిన పాఠభేదము

ఇంతకంటెను బండితులు విచారింపవలసిన విషయ మొకటి గలదు. అచ్చునందు సమాసములను గలుపు కుఱుచ గీఁత వేఱు, గణితమునందలి ఋణచిహ్నము వేఱు. టైపురైటరునందును ఆస్కీ యను నక్షరసంకేతావళియందును రెంటికి నొకే మీట, ఒకే సంఖ్య, అది 45. యూనిక్సు ఆజ్ఞలకుఁ జేర్చు వికల్పములు ఈ 45వ గీఁతతోనే మొదలగును. రాఫ్ వంశపు మూలములో మామూలు గీఁత వ్రాసినచో సమాసపుగీఁతయనియు, దానికి ముందు వాలుగీఁత నుంచినచో ఋణచిహ్నమనియు నియమము. అయినను టెర్మినల్‌పై రెండు నొకే రూపమునఁ గనఁబడుచుండుటచేఁ బలువురు వ్రాఁతగాండ్రు భేదమును బాటింపలేదు. తప్పు కంటికిఁ గానరాకుండఁ బెరుగుచు వచ్చెను.

యూనికోడు వచ్చిన పిదప టెర్మినల్‌పై రెండు గీఁతలను వేఱువేఱుగాఁ జూపుట సాధ్యమయ్యెను. సమాసపుగీఁత 8208, ఋణచిహ్నము 8722, పాతగీఁత 45. జీరాఫ్ నియమానుసారము మామూలు గీఁతను 8208గా వెలువరించుచో, కంటికి భేదము కొంచెము. కాని సూచికాపత్రమునుండి యాజ్ఞను నకలుదీసి యంత్రమున కిచ్చిన నది పనిచేయదు. వికల్పమును వెదకిన దొరకదు. యంత్రమునకు 8208 వేఱక్షరము గదా. దీనిపై రెండుపక్షములు పుట్టినవి. మూలమును దిద్దుఁడని యొకరు. వేలకొలఁది పత్రములను దిద్దుట యెన్నఁటికి తెమలును, రెండు గీఁతలను మఱల నొకటిగాఁ జూపుఁడని యొకరు. వ్యవస్థలను బంచిపెట్టు పలువురు రెండవ పక్షమును గైకొనిరి. 2023లో 1.23.0వ కూర్పు వెలువడినపు డీ వివాదము మఱల తలయెత్తెను.

ఈ వివాదము తెలుఁగు పరిష్కర్తలకుఁ గ్రొత్తది గాదు. శకటరేఫమును సాధురేఫమును గలిపి యచ్చువేసిన పుస్తకమునుండి శుద్ధప్రతిని సిద్ధపఱచునపుడు, ఏది యెచట నుండవలయునో యచ్చుప్రతి చెప్పజాలదు. భాష నెఱిఁగినవాఁడే చెప్పవలయును. అల్పసాధనము భేదమును దాఁచును, నశింపఁజేయదు; సాధనము మెఱుగుపడినంతనే యుపేక్షింపఁబడిన భేదము తప్పై బయటపడును. తెఱప్రతిపైఁ జెప్పఁదగిన దోష మిది. అది సొగసు కొఱఁతగాదు, వ్రాయువాని యజాగ్రత్తకుఁ జోటిచ్చుట.

తలక్రిందుల మార్గము

ఇదే ఫలమును వేఱుత్రోవఁ బొందఁజూచిన ప్రయత్న మొకటి గలదు. డానల్డ్ నూత్ 1978లో వెలువరించిన టెక్ అను కూర్పువిధానము గణితగ్రంథములకుఁ బ్రసిద్ధము. దాని ఫలితము డేవిడ్ ఫుక్స్ 1979లో రూపొందించిన డీ.వీ.ఐ. అను రూపమున నుండును. అందుఁ బంక్తులు విఱిచి, యక్షరములు తమతమ చోట్ల నిలుపఁబడి, పుట సిద్ధమైయుండును. టెక్ కొలఁతలలో నంగుళమునకు 72.27 బిందువులు, బిందువునకు 65536 సూక్ష్మాంశములు. ఈ సిద్ధమైన పుటను టెర్మినల్‌నకు దించుటకు డీ.వీ.ఐ.-టూ-టీ.టీ.వై. అను క్రమణిక గలదు.

ఆ పని యెంత కష్టమో యూహింపవచ్చును. డీ.వీ.ఐ. నందు మాటల నడుమ నెడమను తెలుపు నక్షరమే లేదు. ఇంతదూరము జరుగుమను నాజ్ఞ మాత్ర ముండును. ఆ జరుపు మాటల యెడమో, అక్షరముల సర్దుబాటో క్రమణిక యూహింపవలయును. వేఱువేఱు వెడల్పుల ననుసరించి విఱువఁబడిన పంక్తి గళ్లకు సరిపోదు. పట్టికలలో నిలువువరుసలు కదలిపోవును. ఎన్‌రాఫ్ మార్గమునఁ బంక్తి విఱుచుటకు ముందే గళ్లకొలఁత తెలియును, డీ.వీ.ఐ. మార్గమునఁ బంక్తి విఱిచిన పిదప గళ్లు వెదకఁబడును. గ్రంథకర్త చేతిప్రతినుండి నకలు తీయుటకును, అచ్చుపుటను జూచి నకలు తీయుటకును గల భేదమే యిది. తెఱప్రతి నిజముగా వికృతి యగుట కిచటఁ జోటు గలదు. ఐనను దానికిఁ గారణము గళ్లు గావు, మూలమును విడిచి ఫలితమును బట్టుకొనుట.

తెలుఁగు గళ్లు

అక్షరమున కొక గడి యను నియమము రోమనులిపికిఁ జెల్లినట్లు తెలుఁగునకుఁ జెల్లదు. కాన్పూరు ఐ.ఐ.టీ.లో 1980వ దశకమునఁ బుట్టి, 1988లో పూనాయందు స్థాపితమైన సీ-డాక్ సంస్థలోఁ బెంపొందిన జిస్ట్ సాధనములు తెలుఁగుమొదలగు దేశలిపులను టెర్మినళ్లపైఁ జూపుటకు దారితీసినవి. 1991లో ఇస్కీ సంకేతావళి భారతప్రమాణమయ్యెను; ఆ సంవత్సరముననే యూనికోడు మొదటికూర్పు వెలువడి, తెలుఁగునకు 128 స్థానముల విభాగము లభించెను. సంకేతములు గలిగినవి, గడిలెక్క మాత్రము తీఱలేదు.

ఒక యుదాహరణముచే నిది తెల్లము గాఁగలదు. ఏ యక్షరమున కెన్ని గళ్లో తెలుపుటకు మార్కస్ కూన్ రచించి 2007లో సవరించిన ప్రసిద్ధమైన పట్టిక యొకటి గలదు. దాని ననుసరించి గుడి, దీర్ఘము, ఎత్వము మొదలగువానికి గడి లేదు. కొమ్మునకు మాత్ర మొక గడి గలదు. యూనికోడునందు గుణింతపుఁజిహ్నములను రెండు తెగలుగా విభజించుటయే దీనికి హేతువు. అందుచే ‘కిటికీ’ యను మాటకు మూఁడు గళ్లు, ‘గురువు’ అను మాటకు నాఱు గళ్లు వచ్చినవి. రెండును మూఁడక్షరముల మాటలే. ‘శ్రీ’ యనునది యొక్క యక్షరమైనను రెండు గళ్లు. ‘స్త్రీ’ యనునది మూఁడు. ఇట్టి లెక్కతోఁ దెలుఁగు నిఘంటువును రెండు నిలువువరుసలుగాఁ దీర్చినచో వరుసలు సరిగా నిలువవు. ఛందశ్శాస్త్రకారు లక్షరమును లెక్కించినట్లు యంత్రము లెక్కింపకపోవుటచేఁ గలిగిన చిక్కిది. యంత్రశిల్పులు వ్యంజనస్వరచిహ్నములను విడివిడిగా గణించుచుండఁగా నక్షరము నొకటిగా గణించు విద్య మన లాక్షణికులయొద్ద నెప్పటినుండియో కలదు. ఆ విద్య యిచట నక్కఱపడుచున్నది.

ఉపసంహారము

ఈ విమర్శవలనఁ దేలినది యేమనఁగా: టెర్మినల్ ప్రతి యచ్చుప్రతికి వికృతియను నభిప్రాయము చరిత్రవిరుద్ధము. రాఫ్ వంశమున గళ్ల ప్రతియే ముందు పుట్టినది; అచ్చుకూర్పు దానినుండి పెరిగినది. ప్రతిభేదమువలనఁ గలుగు హాని సాధనపు లేమివలనఁ గాక, వ్రాయువాఁడు భేదమును మూలమునఁ గుఱుతింపకపోవుటవలనను, నకలుతీయువాఁడు మూలమును విడిచి ఫలితమును బట్టుకొనుటవలనను గలుగుచున్నది.

ఈ నీతిని గ్రహించిన సంస్కరణ మొకటి 1990 ప్రాంతమున బర్క్లీ విశ్వవిద్యాలయపు యూనిక్సునందు మొదలైనది. సింథియా లివింగ్‌స్టన్ రచించిన ఎమ్‌డాక్ ఆజ్ఞలలో ‘లావక్షరము’, ‘వాలక్షరము’ అని చెప్పుటకు మాఱుగా ‘ఇది వికల్పము’, ‘ఇది గ్రంథనామము’, ‘ఇది వ్రాసినవాని పేరు’ అని చెప్పుదురు. ఆకార మేదియో సాధనము నిర్ణయించుకొనును. 2008లో మొదలైన మాండాక్ అను క్రమణిక యీ యాజ్ఞలను నేరుగాఁ జదివి టెర్మినల్‌నకు నచ్చునకును బంపుచున్నది. రూపమును గాక యర్థమును గుఱుతించిన మూల మే సాధనమునకు వెళ్లినను జెడదు.

తాళపత్రములయందు మాటలనడుమ నెడము లేదు, లావక్షరములు లేవు, వాలక్షరములు లేవు. అయినను బద్యమునందలి యతిప్రాసలును సంధులును నెఱిఁగినవాఁడు దానిని జదివి యచ్చునకుఁ దగినట్లు విభజించుకొనఁగలిగెను; ఏలయనఁగా గ్రంథమునకుఁ గావలసిన భేదములన్నియు భాషలోనే కట్టఁబడియుండెను. టెర్మినల్‌నందలి గళ్లును నట్టి యాకులే. వానిలో నిముడునది మూలమునఁ జక్కఁగాఁ జెప్పఁబడినదంతయు. ఇమడనిది చెప్పక విడిచినది మాత్రమే.